అలెగ్జాండర్ జాన్ ఫోర్సిత్

అలెగ్జాండర్ జాన్ ఫోర్సిత్ (1768 డిసెంబరు 28 - 1843 జూన్ 11) స్కాట్లాండుకు చెందిన క్రైస్తవ మతబోధకుడు, ఆవిష్కర్త. దెబ్బ తగలగానే పేలే రసాయనాలను ఉపయోగించి తుపాకిలోని మందుకు నిప్పు అంటించే పద్ధతిని తొలిసారిగా ఆచరణయోగ్యం చేసిన వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు. ఈ పద్ధతికి 1807లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. నేటి తూటా అడుగున అమర్చే ప్రైమర్ అనే చిన్న లోహపు బిళ్ళకు మూలం ఫోర్సిత్ కనుగొన్న సూత్రమే. రెండు శతాబ్దాలుగా తుపాకుల స్వరూపాన్ని మార్చివేసిన ఈ ఆవిష్కరణ వలన ఆయనకు కలిగిన లాభం మాత్రం చాలా స్వల్పం. బ్రిటిషు ప్రభుత్వం ఆయన పనిని మొదట ఆహ్వానించి, తరువాత తిరస్కరించి, మూడు దశాబ్దాలు గడచిన పిమ్మట స్వీకరించింది. పరిహారంలో అధిక భాగం ఆయన మరణించిన తరువాత గానీ మంజూరు కాలేదు.

జననం, విద్యాభ్యాసం

ఫోర్సిత్ 1768 డిసెంబరు 28న స్కాట్లాండు ఈశాన్య ప్రాంతంలోని అబర్డీన్‌షైర్‌లో, బెల్‌హెల్వీ అనే గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం అబర్డీన్ నగరానికి ఉత్తరాన, ఉత్తర సముద్ర తీరానికి చేరువలో ఉన్నది. తండ్రి జేమ్స్ ఫోర్సిత్ అదే గ్రామంలో చర్చి ఆఫ్ స్కాట్లాండ్‌కు చెందిన మతబోధకుడు. తల్లి ఇసబెల్లా సైమ్. చర్చి వారు బోధకునికి కేటాయించిన నివాస గృహంలోనే ఫోర్సిత్ పుట్టి పెరిగాడు.

అబర్డీన్‌లోని కింగ్స్ కళాశాలలో విద్యాభ్యాసం పూర్తి చేసి, 1790లో మతబోధ చేయుటకు అర్హత పొందాడు. ఆ తరువాత కొద్దికాలానికే తండ్రి స్థానంలో బెల్‌హెల్వీ చర్చికి బోధకునిగా నియమితుడయ్యాడు. అప్పటి నుండి మరణించే వరకు, అనగా అర్ధ శతాబ్దానికి పైగా, ఆ పదవిలోనే కొనసాగాడు. లండన్‌లో గడిపిన కాలం మినహా ఆయన జీవితమంతా ఆ గ్రామంలోనే గడచిందని చెప్పవచ్చు.

ఆదివారం ప్రార్థనలు, గ్రామస్థుల మంచిచెడ్డలు చూసుకోవడం ఆయన వృత్తి ధర్మాలు కాగా, రసాయన శాస్త్రం, యంత్రాల నిర్మాణం ఆయనకు ఇష్టమైన వ్యాసంగాలు. ఇంటి తోటలో ఒక చిన్న పనిశాల ఏర్పరచుకొని, ఇనుప పనిముట్లు స్వయంగా తయారు చేసుకొనేవాడు. వేట ఆయనకు మరొక అభిరుచి. ఈ మూడు అభిరుచులూ కలిసిన చోటనే ఆయన ఆవిష్కరణ పుట్టింది.

చెకుముకి తుపాకి - దాని లోపాలు

ఫోర్సిత్ చేసిన మార్పు ఎంతటిదో అర్థం కావాలంటే, అంతకు ముందు తుపాకి ఎలా పేలేదో తెలుసుకోవాలి. 17వ శతాబ్దం నుండి ఐరోపాలో చెకుముకి తుపాకులు వాడుకలో ఉండేవి. ఈ తుపాకిలో గొట్టం లోపల ప్రధానమైన మందు, దాని మీద గుండు ఉండేవి. గొట్టం వెలుపల, పక్కన ఒక చిన్న పళ్ళెం వంటి గుంట ఉండేది. అందులో చిటికెడు సన్నని నల్లమందు పోసేవారు. మీట నొక్కగానే చెకుముకి రాయి బిగించిన సుత్తి ముందుకు దూకి ఉక్కు రేకును రాచుకొనేది. ఆ రాపిడికి రాలిన నిప్పురవ్వలు గుంటలోని మందును అంటించేవి. ఆ మంట గొట్టానికి ఉన్న సన్నని రంధ్రం గుండా లోపలికి పోయి అసలు మందును మండించేది. తుపాకిలో ఈ పనులన్నీ చేసే యంత్రభాగాన్ని లాక్ అంటారు.

ఈ పద్ధతిలో మూడు లోపాలు ఉండేవి. మొదటిది ఆలస్యం. మీట నొక్కిన క్షణానికీ గుండు బయలుదేరిన క్షణానికీ మధ్య తెలియవచ్చేటంత వ్యవధి ఉండేది. రెండవది తేమ. గుంటలోని మందు బయటి గాలికి దగ్గరగా ఉండటం వలన వానకు తడిసి, గాలికి ఎగిరిపోయి, తుపాకి పేలకుండా పోయేది. మూడవది ముందుగా కనబడే మెరుపు, పొగ. గుండు వెలువడక ముందే గుంటలోని మందు భగ్గుమనేది.

వేటగాడైన ఫోర్సిత్‌ను ఎక్కువగా బాధించినది ఈ మూడవ లోపమే. ఆయన నీటి మీది అడవి బాతులను వేటాడేవాడు. గుంటలోని మెరుపు కనబడగానే అవి ఎగిరిపోవడమో, నీటిలో మునగడమో చేసేవి. గుండు చేరేసరికి అక్కడ పక్షి ఉండేది కాదు. ఆ మెరుపును మరుగు పరచాలన్న చిన్న కోరికతో మొదలైన ఆలోచన, అసలు చెకుముకి రాయే అవసరం లేని కొత్త పద్ధతికి దారితీసింది.

పేలే రసాయనాలతో ప్రయోగాలు

దెబ్బకు పేలే పదార్థాలను ఫోర్సిత్ కనుగొనలేదు. అవి అప్పటికే రసాయన శాస్త్రజ్ఞులకు తెలుసు. ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ లూయీ బెర్తొలే 1780వ దశకంలో పొటాషియం క్లోరేట్‌ను, పేలుడు స్వభావం గల వెండి సమ్మేళనాన్ని వెలుగులోకి తెచ్చాడు. తుపాకిమందులో సురేకారానికి బదులుగా పొటాషియం క్లోరేట్‌ను వాడాలని ఫ్రాన్సులోని ఎస్సోన్ వద్ద 1788లో చేసిన ప్రయత్నం ఘోరమైన పేలుడుతో ముగిసింది. అందులో ఇద్దరు మరణించారు. ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ చార్లెస్ హోవార్డ్ 1800లో పాదరస ఫల్మినేట్‌ను గురించి రాయల్ సొసైటీకి వివరించాడు. ఆయన కూడా తన ప్రయోగాలలో గాయపడ్డాడు.

ఈ పదార్థాలను తుపాకిమందుకు బదులుగా వాడాలని చూసినవారు విఫలులయ్యారు. అవి మండే వేగం అతి తీవ్రమైనది కావడంతో గొట్టమే పగిలిపోయే ప్రమాదం ఉండేది. ఫోర్సిత్ కూడా మొదట వాటిని గుంటలోని మందుకు బదులుగా వేసి చూశాడు. నిప్పురవ్వ తగలగానే అవి భగ్గుమన్నవే గానీ లోపలి మందును సరిగా అంటించలేకపోయాయి. అప్పుడు ఆయన ఆలోచన మరొక దారి పట్టింది. ఈ పదార్థానికి నిప్పురవ్వతో పని లేదు, దెబ్బ చాలు. దానిని బయటి గుంటలో గాక మూసి ఉన్న చిన్న గదిలో ఉంచి కొట్టినట్లయితే, పుట్టిన జ్వాల పోవడానికి వేరే దారి లేక, అంతా లోపలి మందులోకే పోతుంది. అసలు పని తుపాకిమందుదే, ఈ రసాయనం కేవలం దానిని మేలుకొలపడానికే. ఇదే ఫోర్సిత్ చేసిన ముఖ్యమైన గ్రహింపు.

దీపావళి నాడు పిల్లలు బొమ్మ తుపాకులలో పేల్చే బిళ్ళలు కూడా ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. వాటికి అగ్గిపుల్ల అవసరం లేదు. సుత్తి దెబ్బ తగిలితే చాలును.

అత్తరు సీసా లాక్

దెబ్బకు పేలే పదార్థం దొరికినంత మాత్రాన సమస్య తీరలేదు. వేటగాడు మాటిమాటికీ ప్రమాదకరమైన ఆ పొడిని చేతితో తీసి చిటికెడు చొప్పున వేయడం సాధ్యం కాదు. నిల్వ అంతా ఒకచోట భద్రంగా ఉండాలి. కొట్టే చోటికి ఒక్క పేలుడుకు సరిపడే పొడి మాత్రమే రావాలి. ఆ కొద్దిపాటి పొడి పేలినప్పుడు మంట వెనుకకు పోయి నిల్వను అంటించకూడదు. ఫోర్సిత్ నిర్మించిన లాక్ ఈ మూడు షరతులకూ సమాధానం.

ఆయన తుపాకి పక్కన ఒక బోలు ఇరుసును అమర్చి, దాని చుట్టూ తిరిగే ఒక చిన్న లోహపు బుడ్డిని బిగించాడు. అది ఆ కాలపు అత్తరు సీసా ఆకారంలో ఉండటం వలన ఈ యంత్రానికి అత్తరు సీసా లాక్ అనే పేరు స్థిరపడింది. బుడ్డికి ఒక కొనలో పేలుడు పొడి నిల్వ, రెండవ కొనలో స్ప్రింగు మీద నిలిచిన ఒక చిన్న మేకు ఉండేవి. బుడ్డిని తలకిందులుగా తిప్పితే కొద్దిపాటి పొడి ఇరుసులోని గుంటలోకి జారేది. తిరిగి యథాస్థానానికి తిప్పితే నిల్వ ఉన్న కొన కిందికి పోయి, మేకు ఉన్న కొన ఆ గుంట మీదికి వచ్చేది. మీట నొక్కగానే సుత్తి మేకును కొట్టేది, మేకు పొడిని కొట్టేది, పుట్టిన జ్వాల రంధ్రం గుండా గొట్టంలోకి పోయేది. ఒకసారి నింపిన బుడ్డి ఇరవైకి పైగా పేలుళ్ళకు సరిపోయేది.

తరువాత తయారైన మరొక నమూనాలో ఈ తిప్పే పని కూడా తప్పింది. పొడి నిల్వ ఉన్న పెట్టెను ఒక కడ్డీతో సుత్తికి కలిపారు. సుత్తిని వెనుకకు లాగగానే పెట్టె తనంతట తానే జరిగి, ఒక మోతాదు పొడిని ఉంచేది. సుత్తి ముందుకు పడేటప్పుడు పెట్టె పక్కకు తప్పుకొనేది. తుపాకి పేల్చేవాని చేయి తగలకుండానే పేలుడు పదార్థాన్ని మోతాదు చొప్పున అందించే తొలి యంత్రాలలో ఇది ఒకటి.

లండన్ టవర్‌లో

1805 నాటికి ఫోర్సిత్ తన లాక్‌ను ఒక వేట తుపాకికి అమర్చి విజయవంతంగా వాడుతున్నాడు. 1806లో దానిని తీసుకొని లండన్ వెళ్ళాడు. అది నెపోలియన్‌తో యుద్ధాలు జరుగుతున్న కాలం. బ్రిటిషు సైన్యానికి ఆయుధాలు సమకూర్చే శాఖకు అధిపతి అయిన లార్డ్ మోయిరా ఈ కొత్త లాక్‌ను చూసి, దాని ప్రయోజనాన్ని గుర్తించాడు. లండన్ టవర్‌లో ఉండి, సైనిక అవసరాలకు తగినట్లుగా దానిని అభివృద్ధి చేయవలసిందిగా ఫోర్సిత్‌ను కోరాడు. గ్రామంలోని తన బాధ్యతలను మరొకరికి అప్పగించే ఏర్పాటు చేసుకొని ఫోర్సిత్ ఈ పనికి పూనుకున్నాడు.

ఇంటి తోటలోని పనిశాలలో ఒక్కడే చేసిన లాక్ వేరు, వేల సంఖ్యలో తయారు కావలసిన సైనికుని లాక్ వేరు. దానికి కొత్త భాగాలు, కచ్చితమైన కొలతలు, పనివారి నైపుణ్యం అవసరం. పేలుడు పొడిని ముట్టుకోవడానికి పనివారు జంకేవారు. ఆ కారణంగా ప్రమాదకరమైన పనిని ఫోర్సిత్ స్వయంగా చేసుకోవలసి వచ్చేది.

1807 మార్చిలో బ్రిటన్‌లో మంత్రివర్గం మారింది. మోయిరా స్థానంలో లార్డ్ చాతమ్ ఆయుధ శాఖాధిపతిగా వచ్చాడు. ఆయనకు ఈ ప్రయోగాల మీద నమ్మకం లేదు. తుపాకిమందు నిల్వలు గల టవర్‌లో ఇటువంటి పదార్థాలతో పనిచేయడం ప్రమాదమన్న భయం కూడా ఉండేది. ప్రయోగాలను ఆపివేసి, తన సామగ్రిని టవర్ నుండి తీసుకొని పోవలసిందిగా ఫోర్సిత్‌కు ఆదేశాలు అందాయి. సుమారు ఒక సంవత్సరం పాటు సొంత గ్రామాన్ని విడిచి చేసిన శ్రమ ఆ విధంగా అర్ధంతరంగా ముగిసింది.

ఈ ఆవిష్కరణను ఫ్రాన్సుకు ఇచ్చినట్లయితే 20,000 పౌండ్లు బహుమతిగా ఇస్తానని నెపోలియన్ వర్తమానం పంపాడనీ, ఫోర్సిత్ దానిని తిరస్కరించాడనీ ఒక కథనం విస్తృతంగా ప్రచారంలో ఉన్నది.

పేటెంటు, వ్యాపారం

సైన్యం తలుపులు మూసుకొనిపోగా ఫోర్సిత్ తన హక్కును కాపాడుకొనే మార్గం చూసుకున్నాడు. 1807 ఏప్రిల్ 11న ఆయనకు 3032వ సంఖ్య గల పేటెంటు లభించింది. పేటెంటు పత్రం రాయడంలో ఆవిరి యంత్రంతో ప్రఖ్యాతుడైన జేమ్స్ వాట్ ఆయనకు సలహాలు ఇచ్చాడని ప్రతీతి. ఈ పత్రంలో ఫోర్సిత్ ఏదో ఒక్క యంత్రం ఆకారాన్ని మాత్రమే తనదిగా చెప్పుకోలేదు. దెబ్బతో పేలే రసాయనాన్ని ఉపయోగించి తుపాకిమందును అంటించే పద్ధతినే తన ఆవిష్కరణగా పేర్కొన్నాడు. తరువాతి కాలంలో ఇది ఆయనకు ఎంతో రక్షణ కల్పించింది.

1808లో లండన్‌లోని పికడిల్లీలో ఫోర్సిత్ అండ్ కంపెనీ పేరుతో తుపాకుల దుకాణం ప్రారంభమైంది. ఈ సంస్థలో పనిచేసిన జేమ్స్ పర్డీ 1814లో సొంత దుకాణం పెట్టుకొని, తరువాత ఇంగ్లండులోని అగ్రశ్రేణి తుపాకి తయారీదారులలో ఒకడుగా పేరుపొందాడు. ఫోర్సిత్ మాత్రం బెల్‌హెల్వీలోని తన చర్చికి తిరిగి వెళ్ళిపోయాడు.

అత్తరు సీసా లాక్ గల తుపాకులు ధనవంతులైన వేటగాళ్ళ ఆదరణ పొందాయి. అయితే వాటి తయారీకి ఎంతో నైపుణ్యం కావాలి, ధర ఎక్కువ. పొడిలోని పొటాషియం క్లోరేట్ వలన ఉక్కు భాగాలు త్వరగా తుప్పు పట్టేవి. అందుచేత శుభ్రపరచడంలో ఏమరుపాటు పనికిరాదు. సామాన్య సైనికునికి ఇంతకంటె సులభమైన, చౌకైన ఏర్పాటు అవసరమయింది.

న్యాయస్థానంలో

పేటెంటు గడువు 14 సంవత్సరాలు. ఈ కాలంలో అనేకమంది తుపాకి తయారీదారులు ఫోర్సిత్ సూత్రాన్ని తీసుకొని, యంత్రం రూపాన్ని మార్చి, తమ సొంత ఆవిష్కరణలుగా ప్రకటించుకున్నారు. పొడికి బదులు గుళికలు, రాగి గొట్టాలు మొదలైనవి వచ్చాయి. ఆ కాలంలో ఇంగ్లండులో మేటి తుపాకి తయారీదారుగా పేరున్న జోసెఫ్ మాంటన్ కూడా ఇటువంటి లాక్‌లకు పేటెంట్లు తీసుకున్నాడు. ఫోర్సిత్ పక్షం వారు న్యాయస్థానాలను ఆశ్రయించవలసి వచ్చింది.

వీటిలో 1819 నాటి ఫోర్సిత్ - రివియర్ వ్యాజ్యం పేటెంటు చట్టాల చరిత్రలో స్థానం పొందింది. ఒకే విషయాన్ని పలువురు ఒకే కాలంలో విడివిడిగా కనుగొన్నప్పటికీ, పేటెంటు రక్షణతో ముందుగా లోకానికి వెల్లడించినవానికే చట్టరీత్యా ఆవిష్కర్త స్థానం దక్కుతుందని ఈ వ్యాజ్యంలో నిర్ణయించారు. తీర్పు ఫోర్సిత్‌కు అనుకూలంగా వచ్చింది. కానీ ఆ తరువాత రెండేళ్ళకే, 1821లో పేటెంటు గడువు ముగిసింది. అటుపిమ్మట ఎవరైనా ఈ సూత్రాన్ని స్వేచ్ఛగా వాడుకొనే అవకాశం ఏర్పడింది.

రాగి టోపీ

ఫోర్సిత్ సూత్రానికి అతి సులభమైన రూపం పెర్కషన్ క్యాప్ అనే చిన్న రాగి టోపీ. టోపీ లోపల అడుగున కొద్దిపాటి పేలుడు పదార్థం అంటించి ఉంటుంది. దానిని తుపాకికి అమర్చిన రంధ్రం గల చిన్న చూచుకానికి తొడిగితే చాలు. సుత్తి దెబ్బకు అది పేలి, జ్వాల లోపలికి పోతుంది. పొడి నిల్వ, ఇరుసు, తిప్పడం వంటి ఏర్పాట్లేవీ అవసరం లేదు. ఒక్కొక్క మోతాదు తన సొంత లోహపు కవచంలో విడిగా ఉండటం వలన ప్రమాదం తగ్గింది, వాన భయం పోయింది.

దీనిని ఎవరు మొదట తయారు చేశారన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన చిత్రకారుడు జాషువా షా 1822లో అక్కడ పేటెంటు తీసుకున్నాడు. ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల తుపాకి తయారీదారులు కొందరు కూడా ఈ ఘనత తమదేనని చెప్పుకున్నారు. వీరందరి పనికీ పునాది ఫోర్సిత్ సూత్రమే.

వూలిచ్ పరీక్షలు

1834లో బ్రిటిషు ప్రభుత్వం వూలిచ్‌లో చెకుముకి తుపాకులను, క్యాప్ తుపాకులను పోల్చి చూసే పరీక్షలు జరిపింది. ఒక్కొక్క రకానికి ఆరు తుపాకులు తీసుకొని, అన్ని రకాల వాతావరణంలోనూ 6,000 సార్లు చొప్పున పేల్చారు. చెకుముకి తుపాకులు 922 సార్లు పేలకుండా మొరాయించగా, క్యాప్ తుపాకులు 36 సార్లు మాత్రమే మొరాయించాయి. అనగా చెకుముకి తుపాకి సుమారు ఆరు ఏడు సార్లకు ఒకసారి విఫలం కాగా, క్యాప్ తుపాకి 166 సార్లకు ఒకసారి విఫలమయింది. మందు ఖర్చు తగ్గింది, గురి మెరుగుపడింది, భుజానికి తగిలే తాకిడి కూడా తగ్గింది.

ఈ ఫలితాల తరువాత 1839 నుండి సైనిక తుపాకులను కొత్త పద్ధతికి మార్చడం ప్రారంభమైంది. ఫోర్సిత్‌ను టవర్ నుండి పంపివేసి అప్పటికి 32 సంవత్సరాలు గడచాయి. 1841 అక్టోబరు 30న లండన్ టవర్‌లోని పెద్ద ఆయుధాగారం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ ప్రమాదానికీ ఫోర్సిత్ ప్రయోగాలకూ ఎటువంటి సంబంధం లేదు. కానీ వేలాది తుపాకులు కాలిపోవడంతో కొత్త పద్ధతికి మారే పని మరింత ఆలస్యమయింది.

మద్రాసు సిపాయిల సంఘటన

ఈ ఆలస్యానికి ఎవరు మూల్యం చెల్లించారో తెలిపే ఒక సంఘటన 1841 మే నెలాఖరులో చైనాలో జరిగింది. మొదటి నల్లమందు యుద్ధ కాలంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యానికి చెందిన 37వ దేశీయ పదాతి దళం కాంటన్ నగరం వద్ద పోరాడుతున్నది. మద్రాసు సైన్యంలో తమిళ, తెలుగు జిల్లాల నుండి చేరినవారు ఎక్కువగా ఉండేవారు. సాన్‌యువాన్‌లి అనే గ్రామం సమీపంలో కుండపోత వానలో ఈ దళంలోని ఒక కంపెనీ మిగిలిన సైన్యం నుండి విడిపోయింది. వేల సంఖ్యలో స్థానికులు వారిని చుట్టుముట్టారు. సిపాయిల చేతుల్లో ఉన్నవి చెకుముకి తుపాకులు. వానకు గుంటలలోని మందు తడిసి తుపాకులు పేలలేదు. వారు చతురస్రాకారంలో నిలబడి, బాయ్నెట్లతోనే ఆత్మరక్షణ చేసుకున్నారు.

వారిని వెదకుతూ రెండు కంపెనీల నౌకాదళ సైనికులు బయలుదేరారు. వారి వద్ద క్యాప్ తుపాకులు ఉన్నాయి. అదే వానలో అవి పేలాయి. చుట్టుముట్టినవారు చెదరిపోగా సిపాయిలు బయటపడ్డారు. చెకుముకి తుపాకికీ క్యాప్ తుపాకికీ గల వ్యత్యాసాన్ని వివరించే సందర్భంలో చరిత్రకారులు ఈ సంఘటనను తరచుగా ఉదహరిస్తారు. వూలిచ్ పరీక్షలు జరిగి అప్పటికి ఏడు సంవత్సరాలయింది.

1857 నాటికి భారతదేశంలోని సైన్యానికి అందిన ఎన్‌ఫీల్డ్ తుపాకి కూడా పెర్కషన్ క్యాప్‌తో పేలేదే. ఆ సంవత్సరపు తిరుగుబాటుకు ఒక కారణంగా చెప్పే కొవ్వు వివాదం తూటా కాగితానికి పూసిన పూతకు సంబంధించినది. నిప్పు అంటించే క్యాప్‌తో దానికి సంబంధం లేదు.

చివరి రోజులు, పరిహారం

సైన్యం తన పద్ధతిని స్వీకరించిన తరువాత, వృద్ధుడైన ఫోర్సిత్ తరఫున పరిహారం కొరకు ప్రభుత్వానికి విజ్ఞప్తులు వెళ్ళాయి. 1842లో ఆయనకు 200 పౌండ్లు మంజూరయ్యాయి. ఒక దేశపు సైన్యం మొత్తం వాడుకొనే ఆవిష్కరణకు ఇది ఏపాటి ప్రతిఫలమన్న ప్రశ్న అప్పుడే తలెత్తింది.

1843 జూన్ 11న ఫోర్సిత్ బెల్‌హెల్వీలో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 74 సంవత్సరాలు. ఆయన అవివాహితుడు. మరణానంతరం ప్రభుత్వం మరో 1,000 పౌండ్లు మంజూరు చేయగా, ఆ మొత్తాన్ని జీవించి ఉన్న ముగ్గురు బంధువులకు పంచారు.

క్యాప్ నుండి ప్రైమర్ వరకు

ఫోర్సిత్ సూత్రం క్యాప్‌తో ఆగిపోలేదు. స్విట్జర్లాండుకు చెందిన జొహానెస్ శామ్యూల్ పౌలీ 1812లో పారిస్‌లో పేటెంటు పొందిన తూటాలో మందు, గుండు, పేలుడు పదార్థం మూడూ ఒకేచోట చేరాయి. 1866 ప్రాంతంలో ఈ ఆలోచనకు నేటికీ నిలిచిన రెండు రూపాలు ఏర్పడ్డాయి. వూలిచ్‌లోని రాయల్ లేబొరేటరీ అధిపతి ఎడ్వర్డ్ మౌనియర్ బాక్సర్ రూపొందించినది ఒకటి, అమెరికాకు చెందిన హైరమ్ బెర్డన్ రూపొందించినది మరొకటి. ప్రైమర్ అనేది అడుగు మూసిన చిన్న లోహపు గిన్నె. తుపాకిలోని మేకు దానిని కొట్టినప్పుడు, లోపలి పేలుడు పదార్థం గిన్నెకూ ఒక చిన్న దిమ్మెకూ మధ్య నలిగి పేలుతుంది. బాక్సర్ పద్ధతిలో ఈ దిమ్మె ప్రైమర్‌లోనే ఉంటుంది, జ్వాల పోవడానికి తూటా అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది. బెర్డన్ పద్ధతిలో దిమ్మె తూటా గొట్టంలో భాగం, రంధ్రాలు సాధారణంగా రెండు. విచిత్రమేమంటే, ఆంగ్లేయుడైన బాక్సర్ పద్ధతి అమెరికాలోను, అమెరికన్ అయిన బెర్డన్ పద్ధతి ఐరోపాలోను ఎక్కువగా వ్యాపించాయి.

బాక్సర్ తూటాలో మధ్య రంధ్రం గుండా సన్నని కడ్డీ దూర్చి వాడిన ప్రైమర్‌ను సులభంగా తొలగించవచ్చును. అందువలన ఒకసారి పేలిన ఇత్తడి గొట్టాలలో కొత్త ప్రైమర్, మందు, గుండు అమర్చి తిరిగి వాడుకోవడం అమెరికా మొదలైన దేశాలలోని గురికాండ్రకు, వేటగాళ్ళకు అలవాటయింది. ఈ పనిలో వాడే యంత్రాలకు ప్రైమర్లు ఒక సన్నని నిలువు గొట్టం ద్వారా ఒకదాని వెంట ఒకటిగా అందుతాయి. ఆ గొట్టంలో సాధారణంగా 100 ప్రైమర్లు పడతాయి. ప్రైమర్ వ్యాసం చిన్నదానికి సుమారు 4.5 మిల్లీమీటర్లు, పెద్దదానికి సుమారు 5.3 మిల్లీమీటర్లు. ఇంత చిన్న బిళ్ళలన్నీ గొట్టంలో ఒకే వైపుకు తిరిగి ఉండాలి. చేతితో చేసేవారు గరుకైన పళ్ళెంలో వాటిని పోసి, నెమ్మదిగా ఆడించి, అన్నీ ఒకే వైపుకు తిరిగిన తరువాత గొట్టం కొనతో ఒక్కొక్కటిగా నొక్కి ఎక్కించుకుంటారు. ఇది ఓపికతో కూడిన పని.

ఈ శ్రమను తగ్గించడానికి ప్రైమర్ గొట్టాన్ని నింపే స్వయంచాలిత యంత్రాలు వచ్చాయి. వీటిలో ఒక చిన్న మోటారు పళ్ళేన్ని కంపింపజేస్తుంది. ప్రైమర్లు అంచు వెంబడి వరుసగా కదిలి, సరైన వైపుకు తిరిగి ఉన్నవి మాత్రమే ముందుకు పోయి గొట్టంలో పడతాయి. నిమిషాల వ్యవధిలో గొట్టం నిండుతుంది. అయితే ఒక ప్రైమర్‌లోని పేలుడు పదార్థం అతి స్వల్పమే అయినా, గొట్టంలో వంద ప్రైమర్లు ఒకదాని మీద ఒకటి ఆనుకొని ఉంటాయి. ఒకటి పేలితే మిగిలినవి కూడా వరుసగా పేలే ప్రమాదం ఉన్నది. ఈ కారణంగానే గొట్టం చుట్టూ దళసరి లోహపు కవచం అమరుస్తారు. ఇరుక్కున్న ప్రైమర్‌ను బలవంతంగా నెట్టకూడదనీ, రాలిన పొడిని పేరుకోనీయకూడదనీ, కళ్ళకు రక్షణ ధరించాలనీ హెచ్చరిస్తారు. నిల్వను వేరుగా ఉంచడం, ఒక్కసారికి ఒక్క మోతాదునే అందించడం, ఒకటి పేలితే మిగిలినవాటికి అంటకుండా చూడటం అనే మూడు సమస్యలు అత్తరు సీసా లాక్‌ను రూపొందించిన నాడు ఫోర్సిత్ ఎదుర్కొన్నవే.

ప్రైమర్‌లోని రసాయనం కూడా కాలక్రమంలో మారింది. ఫోర్సిత్ కాలపు క్లోరేట్ మిశ్రమాలు, తరువాత వచ్చిన పాదరస ఫల్మినేట్ క్రమంగా వెనుకబడి, 20వ శతాబ్దంలో తుప్పు పట్టించని సీసపు సమ్మేళనం వాటి స్థానాన్ని ఆక్రమించింది. సూత్రం మాత్రం మారలేదు.

స్మృతి చిహ్నాలు

ఏ లండన్ టవర్ నుండి ఫోర్సిత్‌ను పంపివేశారో ఆ టవర్‌లోనే తరువాతి కాలంలో ఆయన స్మారక ఫలకాన్ని ప్రతిష్ఠించారు. ఆయన చదువుకున్న అబర్డీన్ కింగ్స్ కళాశాలలో కూడా ఒక స్మారక ఫలకం ఉన్నది. ఆయన రూపొందించిన అత్తరు సీసా లాక్ గల తుపాకులు నేడు మ్యూజియంలలో అపురూప వస్తువులుగా నిలిచి ఉన్నాయి.